అటక మీది మిలిటరీ పెట్టె: పాత ఉత్తరాలు దొరికితే ఏం చేయాలి, ఏం చేయకూడదు

అటక మీంచి నల్ల ట్రంకు పెట్టె దించుతాం. మూత మీద తెల్ల రంగుతో నెంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. తాళంచెవి ఎప్పుడో పోయి ఉంటుంది కాబట్టి గొళ్ళెం ఊడదీస్తాం, ఇక అక్కణ్ణుంచి ఇంట్లో వాళ్ళంతా తలో కట్ట విప్పి "ఇదిగో ఇది చూడు, ఇది చూడు" అంటూ గంట తిరక్కుండా మొత్తం కలగాపులగం చేసేస్తాం. మా ఇంట్లో 2009లో సరిగ్గా ఇదే జరిగింది. మా తాతయ్య 1943లో సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి, బెంగళూరులో ట్రైనింగ్ అయ్యాక బర్మా వైపు వెళ్ళి, 1946లో తిరిగొచ్చిన మనిషి. పెట్టెలో ఆయన ఉత్తరాలున్నాయి, మనియార్డరు ముక్కలున్నాయి, మా బాబాయి 1971 యుద్ధం నాటి కాగితాలున్నాయి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మా మేనత్త కొడుకు రాసిన ఇన్‌లాండ్ కవర్లు కూడా ఓ గుప్పెడు ఉన్నాయి. ఏది దేన్లోంచి తీశామో ఆ రోజు ఒక్కరూ రాసుకోలేదు. ఆ ఒక్క గంటలో చేసిన పొరపాటు సరిచేసుకోడానికి నాకు ఏళ్ళు పట్టింది, కొన్ని ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి ఇది ఇంకా పెట్టె తెరవనివాళ్ళ కోసం. తెరిచేసినవాళ్ళకి కూడా పనికొస్తుంది, కాకపోతే కొంచెం ఎక్కువ తిప్పలు పడాలి.

మొదటి రోజు చదవకండి

కష్టమే, తెలుసు. కానీ మొదటి రోజు చేయాల్సింది ఫొటోలు తీయడం ఒక్కటే. మూత తెరవగానే పైనుంచి ఒక ఫొటో. పై వరస తీశాక ఇంకోటి. కట్టకి ఏ దారం కట్టి ఉందో, ఏ ఉత్తరం ఏ పుస్తకంలో దూర్చి ఉందో కనిపించేలా మరొకటి. తర్వాత ఒక్కో కట్టనీ ఒక్కో పెద్ద కాగితం కవర్లో పెట్టి, కవరు మీద (ఉత్తరం మీద కాదు) మామూలు పెన్సిల్‌తో 1, 2, 3 అని నెంబర్లు వేసి, ఒక నోటుబుక్కులో "3: ఎర్ర దారం, పే బుక్కు కింద, 14 కాగితాలు" అని రాసుకోండి (పే బుక్కు అంటే సైనికుడి జీతం లెక్కల పుస్తకం). అంతే, ఆ పూటకి పెట్టె మూసేయండి.

వరస ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మనియార్డరు ఫారం గుర్తుందా? దాన్లో ఒక ముక్క డబ్బు అందుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయేది, పంపినవాళ్ళు అందులో నాలుగు మాటలు రాసేవారు. ఇంకో ముక్క మీద సంతకమో వేలిముద్రో వేయించుకుని పంపినవాళ్ళకి తిప్పి పంపించేవారు. మా పెట్టెలో రెండు రకాలూ ఉన్నాయి. అంటే ఆ తిరుగు రసీదులు గోదావరి జిల్లా నుంచి తాతయ్య ఉన్న చోటికి వెళ్ళి, యుద్ధమంతా ఆయనతో తిరిగి, మళ్ళీ ఆయనతోనే ఊరొచ్చాయన్నమాట. మొత్తం పదకొండు. ప్రతిదాని మీదా మా తాతమ్మ ఎడమ బొటనవేలి ముద్ర, ఒకదాని మీద సిరా ఎక్కువై వేలు జారినట్టు అలికిపోయి ఉంటుంది. ఆయన వాటిని పే బుక్కులో దాచుకునేవారని మామ్మ చెబితే తర్వాత తెలిసింది. మేం ఆ రోజు వాటిని ఏవో పాత రసీదులనుకుని కరెంటు బిల్లుల్లో కలిపేశాం. ఏ పేజీ దగ్గర ఏది ఉండేదో ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు లేరు.

సైనికుల కాగితాల్లో ఉత్తరం ఒక్కటే ముఖ్యం అనుకోవద్దు. ఉత్తరంలో ఎప్పుడూ "నేను క్షేమం" అనే ఉంటుంది. అసలు సంగతి కవరు మీద ముద్రలోనో, రసీదు మీద తేదీలోనో, ఆ కాగితాన్ని ఆయన ఎక్కడ దాచుకున్నాడన్న దాంట్లోనో ఉంటుంది.

పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి

స్కానింగు వచ్చే నెల చేసుకోవచ్చు, కాగితం అంత తొందరగా ఎక్కడికీ పోదు. ఎనభై తొంభై ఏళ్ళ మనిషి విషయంలో ఆ మాట అనలేం. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టి, ఒక్కో వస్తువు చేతికిస్తూ అడగండి. "తాతయ్య గురించి చెప్పు మామ్మా" అంటే "ఏముందిరా, వెళ్ళారు, వచ్చారు" అంటారు. అదే ఒక కవరు చేతిలో పెట్టి "ఇది వచ్చినప్పుడు ఎవరు చదివి వినిపించారు?" అని అడిగితే పోస్టుమాన్ దగ్గర మొదలై కరణంగారి అరుగు దాకా వస్తుంది కథ.

ఎవరు చదివారన్నదే కాదు, ఎవరు రాశారన్నది కూడా అడగాలి. అప్పట్లో చదువురాని సైనికులకి పటాలంలో వేరే ఎవరో రాసిపెట్టేవారు, ఇటు ఇంటి తరఫున పంతులుగారో కరణంగారో రాసేవారు. చేతిరాత అందంగా ఉంది కదా అని అది తాతయ్య దస్తూరీ అనుకోకండి. ఆయన సంతకం ఉన్న వేరే కాగితం పక్కన పెట్టి పోల్చుకోండి. మా కట్టలో ఏడు ఉత్తరాలు ఒక చేతిరాత, మిగతావి ఇంకో చేతిరాత. ఆ ఏడింట్లో భాష గ్రాంథికంగా, పద్ధతిగా ఉంటుంది. మిగతావాటిలో "అమ్మా ఆవు ఈనిందా" అని ఉంటుంది. రెండోదే తాతయ్య.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరు. అలాంటి ఊరు మీదైతే పక్కింట్లో కూడా అడగండి. ఒకే ఊరి కుర్రాళ్ళు కలిసి చేరేవారు, ఒకరి ఉత్తరంలో ఇంకొకరి క్షేమం రాసేవారు. మీ తాత గురించిన వాక్యం పక్కింటి పెట్టెలో ఉండొచ్చు.

శుభ్రం చేయడం, అంటే దాదాపు ఏమీ చేయకపోవడం

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. 1944 నాటి ఒక ఉత్తరం అంచున పసుపు మరక ఉంది. తడి దూదితో మెల్లిగా ఒత్తితే పోతుందనుకున్నాను. పసుపు పోలేదు సరికదా, బూడిద రంగులో ఉన్న అక్షరాలు నా కళ్ళముందే ఊదా రంగులోకి మారి, కాగితం మీద మరకలా పాకిపోయాయి. మూడు వరసలు పోయాయి. అది మామూలు పెన్సిల్ కాదు, కాపీయింగ్ పెన్సిల్. దాన్లో గ్రాఫైటుతో పాటు రంగు కలిపి ఉంటుంది, పొడిగా ఉన్నంతసేపు పెన్సిల్‌లా కనిపిస్తుంది, తడి తగిలితే సిరా అయిపోతుంది. సిరా బుడ్డీ మోసుకు తిరగలేని చోట దీన్ని తెగ వాడేవారు. పైగా ఆ పసుపు మరక కూడా మరక కాదు. శుభవార్త రాసిన ఉత్తరానికి మూలల్లో పసుపు రాయడం మన ఆచారం కదా, అది అదే. నేను చెరపబోయింది ఉత్తరంలో ఒక భాగాన్ని.

కాబట్టి నీళ్ళు వద్దు, ఉమ్ము తడి వేలు అసలే వద్దు. మెత్తటి పొడి బ్రష్షుతో, మధ్యలోంచి అంచులవైపు దుమ్ము దులపండి, అంతే. తుప్పు పట్టిన గుండుసూదులూ పిన్నులూ మాత్రం తీసేయాలి, లాగకుండా, కాళ్ళు నెమ్మదిగా తెరిచి. చిరిగినచోట సెల్లో టేపు వేయొద్దు. అది పసుపెక్కి, గట్టిపడి, చివరికి ఊడిపోతూ అక్షరాలు కూడా తీసుకుపోతుంది. లామినేషన్ సంగతి అసలు ఎత్తొద్దు. జిరాక్స్ షాపుకి తీసుకెళ్తే "సార్, లామినేషన్ చేసేద్దాం, వందేళ్ళు ఉంటుంది" అంటారు. ఆ వేడి, ఆ జిగురు కాగితంలోకి దిగిపోతే మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇన్‌లాండ్ కవర్ల మడతలు పెళుసుగా ఉంటే ఒక్కసారిగా విప్పకండి, వానాకాలంలో గాలి తేమగా ఉన్న రోజు కొంచెం కొంచెంగా తెరిచి, రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన పుస్తకం బరువు పెడితే రెండు రోజులకి సాపవుతాయి.

దాచడానికి ఆసిడ్ లేని ఫోల్డర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, కొనగలిగితే కొనండి. లేదంటే కాగితానికీ కాగితానికీ మధ్య మంచి తెల్ల కాగితం పెట్టి, మొత్తాన్ని ఉతికి ఆరబెట్టిన కోరా గుడ్డలో చుట్టండి, పాత దస్తావేజులు గుడ్డల్లో చుట్టి ఉంచేది ఊరికే కాదు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టొద్దు, మన కోస్తా ఉక్కకి లోపల చెమర్చి బూజు పడుతుంది. కలరా ఉండలు కాగితాలకి తగిలేలా వేయొద్దు. పెట్టె నేల మీద, గోడకి ఆనించి వద్దు, చెదలకి అదే దారి. వరద వచ్చే ఊరైతే అటకే నయం.

స్కానింగు

దీన్లో పెద్ద రహస్యం లేదు. స్కానర్ ఉంటే 600 డీపీఐ, రంగుల్లో. నలుపు తెలుపులో చేస్తే సెన్సారు ముద్ర (సైన్యం ఉత్తరం చదివి వేసేది) ఏది, సిరా మరక ఏది తెలియకుండా పోతుంది. ఫోన్‌తో అయితే కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. పెన్సిల్ రాత మాసిపోయి ఉంటే టార్చి లైటు పక్కనుంచి వాలుగా వేసి చూడండి, పెన్సిల్ ఒత్తిన గాడి నీడలో అక్షరం లేస్తుంది. రెండు వైపులా తీయాలి, ఖాళీగా ఉన్నా సరే, కవరుతో సహా. ఫైలు పేరు "ఐఎంజీ 4417" అని వదిలేయకుండా తేదీ, రాసినవారు, అందుకున్నవారు, పేజీ అనే వరసలో పెట్టుకోండి, "1971-12-20 బాబాయి నాన్నకి 1" అన్నట్టు. తేదీ ముందుంటే అన్నీ వాటంతటవే వరసలో నిలబడతాయి. బంధువులకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత సగం దారిలోనే పోతుంది.

ఇప్పుడు చదవండి

మన పాత ఉత్తరాల మొదటి రెండు వరసలూ చాలామంది దాటేస్తారు, ఏదో మర్యాద మాటలే కదా అని. నా లెక్కలో ఉత్తరంలో అన్నిటికంటే విలువైనవి అవే. "మహారాజరాజశ్రీ" అంటే గౌరవంగా పిలవాల్సిన మగమనిషి. "చిరంజీవి" అంటే చిన్నవాళ్ళు. "లక్ష్మీ సమానురాలైన" అంటే సుమంగళి. "గంగాభాగీరథీ సమానురాలైన" అంటే భర్త పోయిన ఆవిడ. మా ఇంట్లో అందరూ ముత్తాత స్వాతంత్ర్యం వచ్చాక పోయారని చెప్పేవారు. 1944 ఆగస్టులో తాతయ్య వాళ్ళమ్మకి రాసిన ఉత్తరం "గంగాభాగీరథీ సమానురాలైన" అనే మొదలవుతుంది. అంతకుముందు జనవరిలో రాసినదాంట్లో ఆ మాట లేదు. అంటే ఆయన అక్కడుండగానే తండ్రి పోయారు, కబురు కూడా అందింది, కర్మకి రాలేకపోయారు. ఉత్తరం లోపల దాని గురించి ఒక్క వాక్యం లేదు. "ఉభయకుశలోపరి" తర్వాత పొలం కౌలు సంగతి, ఆవు సంగతి, అంతే. మేం ఆ ఉత్తరాన్ని మూడేళ్ళ పాటు కౌలు ఉత్తరం అని పిలిచాం.

తేదీల దగ్గర జాగ్రత్త. ఇంటి నుంచి తాతయ్యకి వెళ్ళిన ఒక ఉత్తరం మీద "తారణ మాఘ బహుళ పంచమి" అని మాత్రమే ఉంది. తారణ నామ సంవత్సరం 1944 ఉగాదికి మొదలైంది కాబట్టి 1944 అని రాసేసుకున్నాం. కానీ మాఘం వచ్చేది ఉగాదికి ముందు, జనవరి ఫిబ్రవరి ప్రాంతంలో, అంటే అది 1945. ఆ నెలల్లో బ్రిటిష్ వాళ్ళ పద్నాలుగో సైన్యం బర్మాలో ఐరావతి నది దాటుతోంది. ఒక్క ఏడాది తేడాతో ఉత్తరం వేరే యుద్ధంలోకి వెళ్ళిపోతుంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుందని తెలుసుగా, అనుమానం వస్తే 2004 తారణ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. తెలంగాణ వైపు, నిజాం రాజ్యంలోని కాగితాల మీద ఫసలీ సంవత్సరం (అక్కడి సర్కారు లెక్క) ఉంటుంది, దానికి 590 కలపండి: ఫసలీ 1357 అంటే 1947-48. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు (నిజాం గుర్రపు దళం) సూయెజ్, పాలస్తీనా వైపు పోరాడారు, ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళ తరఫునే. అలాంటి ఇంటి కాగితాలు ఉర్దూలో ఉంటే భయపడకండి, పాత దస్తావేజులు చదివే ముసలాయన ఒకరు ప్రతి పాత ఊళ్ళోనూ ఉంటారు.

తేదీయే లేకపోతే చుట్టుపక్కల చూడాలి. స్టాంపు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. నయా పైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాత. "కేరాఫ్ 56 ఏపీఓ" (ఆర్మీ పోస్టాఫీసు) అంటే 1948 తర్వాతి సైన్యం. ఈశాన్యం వైపు ఉన్నవాళ్ళకి 99 ఏపీఓ. ర్యాంకు "జమేదార్" అని ఉంటే 1965కి ముందుది, ఆ తర్వాత ఆ ర్యాంకే నాయబ్ సుబేదార్ అయింది. సాపర్ అంటే ఇంజనీర్లు, గన్నర్ అంటే ఫిరంగి దళం, సవార్ అంటే గుర్రపు దళం, తర్వాత ట్యాంకుల దళం. ఒక్క మాటతో ఎటువైపు వెతకాలో తెలిసిపోతుంది.

రెండో ప్రపంచయుద్ధపు ఉత్తరాల్లో ఊరి పేరు వెతకొద్దు, ఉండదు, రాయనివ్వరు. కవరు మీద గుండ్రటి ముద్రలో ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) అనీ ఒక నెంబరూ ఉంటాయి, అదే ఆధారం. ఏ నెంబరు ఏ నెలలో ఎక్కడుందో స్టాంపులు సేకరించేవాళ్ళు జాబితాలు తయారుచేసి పెట్టారు, వాళ్ళని అడగండి, ఇలాంటి ప్రశ్నలంటే వాళ్ళకి పండగే. సెన్సారు ముద్ర ఉందంటే రాసినవాడికి ఆ సంగతి తెలుసని గుర్తుపెట్టుకుని చదవండి. కొన్నిసార్లు అచ్చు వాక్యాలున్న కార్డు దొరుకుతుంది, "బాగున్నాను", "ఆస్పత్రిలో చేరాను", "మీ ఉత్తరం అందింది" అని వరసగా ఉంటాయి, అక్కర్లేనివి కొట్టేసి సంతకం చేయాలి, సొంతంగా ఒక్క మాట రాసినా కార్డు చించేస్తారు. అది దొరికితే కొట్టేయనివి ఏవో చూడండి, అదే ఉత్తరం.

టెలిగ్రాముల్ని మాత్రం నమ్మకండి. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్నది మా బాబాయి కాగితాల్లో మూడుసార్లు ఉంది. మామ్మకి ఆ మూడు సంవత్సరాల్లోనూ జలుబు కూడా చేయలేదు. ఒకటి చెల్లెలి పెళ్ళి, ఒకటి కోతలు, మూడోది ఎందుకో బాబాయి ఇప్పటికీ చెప్పడు. సెలవు దొరకాలంటే అదే దారి, పైన ఆఫీసర్లకీ తెలిసే ఉంటుంది.

మెడల్స్ ఉంటే ముందు అంచు చూడండి. మన దేశం ఇచ్చిన మెడల్స్ అంచు మీద నెంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి, భూతద్దం కావాలి. పూర్వీ స్టార్ ఉంటే 1971లో బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పాకిస్తాన్ సరిహద్దు వైపు. మా బాబాయి ఎప్పుడూ "బోర్డర్లో ఉన్నా" అని తప్ప చెప్పలేదు, పూర్వీ స్టార్ చూశాకే ఏ బోర్డరో తెలిసింది. బ్రాసో లాంటి పాలిష్ పెట్టి తోమొద్దు, అంచు మీద పేరు అరిగిపోతుంది.

కుర్ర కేడెట్ల ఉత్తరాలు

వీటిని ఎవరూ దాచరు, అదే బాధ. కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో విజయనగరం రాజులిచ్చిన కోటలో మొదలైంది, అప్పటినుంచీ పదేళ్ళ పిల్లలు అక్కణ్ణుంచి ఇంటికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. మా మేనత్త కొడుకువి పంతొమ్మిది దొరికాయి. అన్నిట్లోనూ "ఇక్కడ అంతా బాగుంది" అనే. కానీ వరసలో పెడితే వేరే కథ. మొదటి నాలుగింట్లో చివర "ఎప్పుడు వస్తారు" అని ఉంటుంది. ఐదోదాంట్లో ఆవకాయ పంపమంటాడు. తొమ్మిదోదానికి ఇంగ్లీషు మాటలు వచ్చి చేరాయి, పదిహేనోదానికి ఉత్తరం సగానికి సగం తగ్గిపోయింది. కాబట్టి ఇవి ఒక్కొక్కటిగా చదివితే ఏమీ ఉండదు, మొత్తం ఒక మంచం మీద పరిచి చదవాలి. వీటితో పాటు మార్కుల కార్డులు, తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితా, స్కూలు మ్యాగజైను, ఎస్ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక) ఇంటర్వ్యూ పిలుపు లాంటివి కూడా అదే కవర్లో పెట్టండి. గ్రూప్ ఫొటో వెనకాల పేర్లు లేకపోతే ఆయన్నే కూర్చోబెట్టి రాయించండి, పెన్సిల్‌తో, అంచున.

సర్కారీ కాగితాలు వేరే పెట్టండి

డిశ్చార్జి బుక్కు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు, భార్యాపిల్లల పేర్లు ఎక్కించిన పార్ట్ టూ ఆర్డరు: ఇవి జ్ఞాపకాలు కావు, ఇవాళ్టికీ పనికొచ్చే కాగితాలు. ఫ్యామిలీ పెన్షన్ దగ్గర పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే ఎంత టెన్షనో ఆ ఇళ్ళవాళ్ళకి తెలుసు. అసలు మీ దగ్గరే ఉంచుకుని, అడిగినచోట నకలు ఇవ్వండి. అనుమానాలుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఏ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి రాయాలో వాళ్ళు చెప్తారు. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లో వెల్లింగ్టన్, సాపర్స్‌దైతే బెంగళూరు. ఎక్కడికి రాసినా సర్వీసు నెంబరు ముందు రాయండి, ఒకే పేరుతో వందలమంది ఉంటారు, నెంబరు ఒక్కరికే.

యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు, రెండు ప్రపంచయుద్ధాలవీ ఉంటాయి. మన పేర్లని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు కాబట్టి నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించండి, ఇంటిపేరు లేకుండా కూడా. బర్మా వైపు యూనిట్లు రోజువారీగా రాసిన వార్ డైరీలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 వరసలో ఉన్నాయి. మన నేషనల్ ఆర్కైవ్స్‌వి వాళ్ళ వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో వెతకొచ్చు.

ఒక సంగతి చెప్తే మీ పెట్టె విలువ తెలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న మన సిపాయిల ఉత్తరాలు చదవడానికి బ్రిటిష్ వాళ్ళు ప్రత్యేకంగా సెన్సారు ఆఫీసు పెట్టారు. అనుమానం వచ్చినవీ, ఆసక్తిగా అనిపించినవీ ఇంగ్లీషులోకి ముక్కలు ముక్కలుగా అనువదించి నివేదికలు పంపేవారు. వాటిల్లో నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఎర్ర మిరపకాయలు దించుతున్నారు అని రాసినవాళ్ళున్నారు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి తెల్లవాళ్ళు. ఆ నివేదికలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, చరిత్ర రాసేవాళ్ళంతా వాటి మీదే ఆధారపడతారు. ఎందుకంటే సిపాయిలు తమ భాషలో తమ చేత్తో రాసిన అసలు ఉత్తరాలు చాలావరకు మిగల్లేదు. మీ అటక మీద అలాంటిది ఒక్కటున్నా అరుదే.

బయట పెట్టేముందు

కాగితం మీ సొంతమే అయినా అందులోని రాతకి హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. కాబట్టి ఫేస్‌బుక్కులో పెట్టేముందు బాబాయిల్నీ అత్తయ్యల్నీ అడగండి, కాపీరైటు కోసం కాకపోయినా ఇంట్లో మాటలు రాకుండా ఉండటానికి. సర్వీసు నెంబరు, పెన్షన్ నెంబరు, ఇంటి చిరునామా కనిపించకుండా మూసేయండి, ఆ వివరాలతో మోసాలు చేసేవాళ్ళున్నారు. ఈ మధ్య కాలపు కాగితాల మీద రహస్యమనే ముద్ర ఉంటే పోస్టు చేయొద్దు.

ఇష్టపడి పంచుకున్న కుటుంబాలూ ఉన్నాయి. హైదరాబాద్‌కి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్‌లో చనిపోవడానికి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. గర్భవతిగా ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమని అందులో తండ్రిని అడిగారు. అది ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయం. మీ ఇంట్లో నిర్ణయం ఇంకోలా ఉండొచ్చు.

మా పెట్టెలో అడుగున, చీర చెంగు ముక్కతో కట్టిన చిన్న కట్ట ఒకటి ఉండేది. 1946 తర్వాతివి, పెళ్ళయ్యాక తాతయ్య బెంగళూరు నుంచి మామ్మకి రాసినవి అయ్యుంటాయి. ఆవిడ బతికుండగా "అవి నీకెందుకురా" అంది, అంతే, ఇంకో మాట లేదు. నా నోటుబుక్కులో దాని వరస ఇలా ఉంది: "9: నీలం చెంగు ముక్క, పెట్టె అడుగున ఎడమ మూల, లెక్కపెట్టలేదు, విప్పలేదు, మామ్మ వద్దంది." మీ పెట్టెలోనూ అలాంటిది ఉంటే అలాగే రాసి, నెంబరు వేసి, కొత్త కోరా గుడ్డ చుట్టి, తీసినచోటే పెట్టేయండి.